స్విచ్ ఆపినంత మాత్రాన కరెంటు ఆగినట్టు కాదు



పోయిన వారం మన గ్రూపులో ఒక అక్క ఒక మాట అడిగింది. "హాల్లో ఫాల్స్ సీలింగ్ లైటు ఒకటి పోయింది, మార్చే మనిషి నంబరు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి" అని. సాయంత్రానికి జవాబులు వరస కట్టాయి. సగం మంది నవ్వు బొమ్మలు పెట్టారు. "బల్బు మార్చడానికి కూడా మనిషా అక్కా, కుర్చీ వేసుకుని ఎక్కితే అయిపోయె" అన్నారు ఒకరు. "స్విచ్ ఆపి తిప్పేయండి" అన్నారు ఇంకొకరు. "మా ఇంట్లో లైటు వెలుగుతుండగానే మార్చేస్తాం" అని గొప్ప చెప్పుకున్నవారు కూడా ఉన్నారు. ఇంట్లో ఇన్వర్టర్ ఉందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఎక్కేది ఎవరు, వయసెంత అని కూడా అడగలేదు. రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు గనక ఇలా పొడుగ్గా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ అక్క అడిగింది సరైన మాట. పైకప్పులో దించిన లైటు మార్చడం పెద్ద విద్యేమీ కాదు, కానీ అది ఒక పని. పని అన్నాక దానికి ఒక వరస ఉండాలి. ఆ వరస ప్రతి ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. అది నేర్పే బాధ్యత మన సంఘం నెత్తిన వేసుకోవాలి.

నేను ఎలక్ట్రీషియన్ని కాను. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. నా బడి చదువంతా తమిళంలోనే. బళ్ళో 'మిన్సారం' అని చదువుకుని, ఇంటికొచ్చి 'కరెంటు' అన్నవాణ్ణి. 'విద్యుత్తు' అనే మాట పెద్దయ్యాక తెలుగు పత్రికల్లో చూసి నేర్చుకున్నాను. కాబట్టి భాషలో తప్పులుంటే పెద్దమనసుతో దిద్దుకుని చదవండి. విషయంలో తప్పుంటే మొహమాటం లేకుండా కింద రాయండి.

రైల్వేలో నేను చూసిన ఒక పద్ధతి చెబుతాను. మన ఆరంబాక్కం స్టేషన్ మీదుగా పోయే లైను పైన ఉన్న తీగలో 25,000 వోల్టులు ఉంటాయి. ఆ తీగ మీద పని చెయ్యాలంటే ఎవరో ఒకరు "ఆపేశాం, ఎక్కండి" అని కేక వేస్తే సరిపోదు. కరెంటు ఆపే కంట్రోలర్ ఒకచోట ఉంటాడు, పనివాళ్ళు ఒకచోట ఉంటారు. ఆపినట్టు కాగితం మీద రాయాలి, నంబరు ఇచ్చి పుచ్చుకోవాలి. ఆ తర్వాత కూడా నమ్మరు. పనిచేసే చోటుకు అటూ ఇటూ తీగను భూమికి కలిపే కడ్డీలు తగిలిస్తారు. అప్పుడుగాని మనిషి చెయ్యి పెట్టడు. పని అయ్యాక మనుషులందరూ దిగారని, కడ్డీలు తీశారని మళ్ళీ కాగితం వెనక్కి వస్తేనే కరెంటు వదులుతారు. గుమ్మిడిపూండి సిప్‌కాట్‌కు, తడ పక్కన శ్రీసిటీకి పనికి పోయే మన పిల్లలకు కూడా ఇలాంటిదే తెలుసు. మెషిన్ రిపేరుకు ముందు స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, తన పేరున్న చీటీ తగిలించి, తాళంచెవి జేబులో వేసుకుంటారు.

ఫ్యాక్టరీలో అంత జాగ్రత్తగా ఉండే పిల్లవాడు ఇంటికొచ్చి, లుంగీ ఎగ్గట్టి, ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి, లైటు రింగులో వేళ్ళు పెడతాడు. ఇంట్లో ఉన్నది 230 వోల్టులే కదా అని ధైర్యం. మనిషి ప్రాణానికి ఆ 230 చాలు.

ఇక అసలు సంగతికి వస్తాను. "స్విచ్ ఆపాను, ఇంకేం భయం?" అనే మాటలో మూడు చిల్లులున్నాయి.

మొదటి చిల్లు ఇన్వర్టర్. 2012 ప్రాంతంలో మన రాష్ట్రంలో కరెంటు కోతలు ఎలా ఉండేవో మీకు గుర్తుంది. మద్రాసు దాటితే పగలూ రాత్రీ గంటల తరబడి చీకటే. అప్పుడు అప్పు చేసి అయినా ఇన్వర్టర్ పెట్టించుకున్నాం. 2016 డిసెంబరులో వర్దా తుపాను వచ్చి మన జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మిగిలినవాళ్ళు కూడా కొన్నారు. మంచిదే. కానీ దాంతో మన ఇళ్ళకు రెండు ఈబీలు వచ్చాయి. ఒకటి వీధి స్తంభం మీద నుంచి వచ్చేది, రెండోది మెట్ల కింద బ్యాటరీలో కూర్చున్నది. మీరు మెయిన్ ఆపిన మరుక్షణం ఇన్వర్టర్ 'కరెంటు పోయింది' అనుకుని తన పని తాను మొదలుపెడుతుంది. లైట్లు, ఫ్యాన్లే కదా దానికి కలిపి ఉండేది. అంటే మెయిన్ ఆపి, ధైర్యంగా పైకెక్కి, మీరు చెయ్యి పెట్టే లైటులోనే కరెంటు ఉంటుంది. అలాగని ఇన్వర్టర్ ఒక్కటే ఆపితే? ఈబీ కరెంటు చాలా ఇన్వర్టర్లలో నేరుగా దాటి పోతూనే ఉంటుంది. కాబట్టి ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో రెండూ ఆపాలి. ముందు ఇన్వర్టర్, తర్వాత మెయిన్.

రెండో చిల్లు, స్విచ్ తప్పు వైరు మీద ఉండడం. లైటుకు వచ్చేవి రెండు వైర్లు. ఒకటి ఫేజు, ఒకటి న్యూట్రల్. స్విచ్ ఫేజు మీద ఉండాలి. అప్పుడు ఆపితే లైటు దాకా కరెంటు రాదు. వైరింగ్ చేసినవాడు తొందరలో తారుమారు చేస్తే స్విచ్ న్యూట్రల్ మీద పడుతుంది. అప్పుడు కూడా స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది, ఆపితే ఆరిపోతుంది. చూడ్డానికి ఏ తేడా ఉండదు. కానీ లైటు ఆరి ఉన్నా హోల్డరులో కరెంటు నిలబడే ఉంటుంది. మన పాత ఇళ్ళల్లో, గది మీద గది కట్టుకుంటూ పోయి వైరింగ్ పొడిగించిన ఇళ్ళల్లో ఇది అరుదు కాదు. దీనికి ఒక గుర్తు ఉంది. రాత్రి స్విచ్ ఆపాక కూడా ఎల్ఈడీ లైటు సన్నగా, మిణుగురు పురుగులా వెలుగుతుంటే అనుమానించండి. స్విచ్‌లో చిన్న ఎర్ర దీపం ఉన్నా అలా వెలగవచ్చు, పక్కపక్కన వైర్లు పోయినా వెలగవచ్చు. కానీ స్విచ్ న్యూట్రల్ మీద ఉన్నా అలాగే వెలుగుతుంది. ఏది కారణమో వైర్‌మ్యాన్ చూసి చెప్పాలి. అంతవరకు ఆ లైటు జోలికి పోకూడదు.

మూడో చిల్లు, "మా ఇంట్లో ట్రిప్పర్ ఉంది" అనే నమ్మకం. బోర్డులో ఉండే ఎంసీబీ వేరు, ఆర్‌సీసీబీ వేరు. ఎంసీబీ వైరును కాపాడుతుంది. లైట్ల లైనులో 6 ఆంపియర్లో 10 ఆంపియర్లో దాటితే పడుతుంది. మనిషి గుండె ఆగిపోవడానికి ఆంపియరులో పదో వంతు చాలు. అంత చిన్న కరెంటు మనిషిలోంచి పోతుంటే ఎంసీబీకి తెలియనే తెలియదు, కళ్ళప్పగించి చూస్తుంటుంది. మనిషి కోసం ఉన్నది ఆర్‌సీసీబీ. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు లెక్క చూసుకుని, 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేలోపే పడిపోతుంది. గుమాస్తా భాషలో చెప్పాలంటే, సాయంత్రం గల్లా లెక్క సరిపోకపోతే కౌంటరు మూసేయడం లాంటిది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లో కూడా ఇళ్ళకు ఈ 30 మిల్లీ ఆంపియర్లే హద్దు. దాని మీద 'టి' అని ఒక బటన్ ఉంటుంది. నెలకొకసారి నొక్కితే అది పడాలి. పడకపోతే అది అలంకారానికి ఉన్నట్టే. ఇంకో మాట. మెయిన్ దగ్గరున్న ఆర్‌సీసీబీ, బ్యాటరీ మీద నడిచే లైట్లను కాపాడుతుందని నమ్మకండి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నా అది ఊరుకుంటుంది, ఎందుకంటే దాని లెక్క సరిపోయింది కదా. కాబట్టి ఆర్‌సీసీబీ ఉండాలి, ఉన్నా ఆపకుండా ఎక్కకూడదు.

టెస్టరు గురించి కూడా చెప్పాలి. స్క్రూడ్రైవర్ లాంటి టెస్టరు పెట్టి "వెలగలేదు, కరెంటు లేదు" అంటారు. టెస్టరులో దీపం పోయి ఉంటే? ప్లాస్టిక్ స్టూలు మీదో, కర్ర నిచ్చెన మీదో నిలబడితే ఆ దీపం సరిగ్గా కనపడకపోవచ్చు కూడా. అందుకని టెస్టరును ముందు కరెంటు ఉందని తెలిసిన చోట చూడాలి, తర్వాత లైటు దగ్గర, మళ్ళీ వచ్చి ముందటి చోట. మొదట, చివర వెలిగి మధ్యలో వెలగకపోతే కొంత నమ్మవచ్చు. ఆ తెలిసిన చోటు కోసం మెయిన్ తెరిచి పెట్టుకోకండి. మెయిన్ ఆపేముందు ఒకసారి, పని అయ్యాక ఒకసారి చూసుకున్నా చాలు. ఏమైనా సరే, టెస్టరు మాట సాక్ష్యం మాత్రమే. తీర్పు మాత్రం మెయిన్‌ది, ఇన్వర్టర్‌ది.

ఇప్పుడు కరెంటు కన్నా పెద్ద విషయం, పడిపోవడం. మన సంఘంలో చాలా ఇళ్ళల్లో ఉన్నది ముసలివాళ్ళిద్దరే. పిల్లలు మద్రాసులోనో, బెంగళూరులోనో, ఇంకా దూరంగానో ఉన్నారు. కాబట్టి ఎక్కేది అరవై దాటిన మనిషే. తల వెనక్కి వంచి, రెండు చేతులూ పైకెత్తి, రెండంతస్తుల కళ్ళద్దాల్లోంచి చూస్తూ రెండు నిమిషాలు నిలబడితే నాలాంటివాడికి కళ్ళు తిరుగుతాయి. కింద టైల్సు నేల. ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు దాని మీద పక్కకు జారుతాయి. ప్రాణం తీయనంత చిన్న షాకు తగిలినా చెయ్యి విదిలించుకుంటాం, ఆ విదిలింపుకే కిందపడతాం. తుంటి ఎముక విరిగితే ఈ వయసులో లేచి తిరగడం ఎంత కష్టమో మన ఊళ్ళో చూస్తూనే ఉన్నాం. అందుకని నేను కచ్చితంగా చెప్పేది ఇది: అరవై దాటినవాళ్ళు, తల తిరుగుడు ఉన్నవాళ్ళు, బీపీ మాత్రలు, షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ఎక్కకూడదు. కింద నిలబడి నిచ్చెన పట్టుకోవడం కూడా గౌరవమైన పనే. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఎవరూ ఎక్కకూడదు. నిచ్చెన అల్యూమినియంది వద్దు, అది కరెంటుకు దారి. కర్రది గాని, ఫైబరుది గాని ఉండాలి. పై మెట్టు మీద నిలబడే అవసరం రానంత ఎత్తు ఉండాలి.

ఇంత చెప్పాక లైటు మార్చడం నాలుగు మాటల్లో అయిపోతుంది.

పగటి వెలుతురులో పెట్టుకోండి. ఇన్వర్టర్ ఆపి, మెయిన్ ఆపి, ఇంట్లో అందరికీ చెప్పి, బోర్డు మీద "పని జరుగుతోంది, వెయ్యకండి" అని చీటీ అంటించండి. తమిళంలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే, పనిమనిషికి అర్థమయ్యేలా ఉండాలి. పావుగంట ఆగండి. పాత హాలోజన్ లైట్లయితే చెయ్యి కాలుతుంది, ఎల్ఈడీకి కూడా వెనకున్న లోహం వేడెక్కి ఉంటుంది.

ఇప్పుడు మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉన్నవి గుండ్రటి పలక లాంటి ఎల్ఈడీలు. వాటికి అటూ ఇటూ రెండు స్ప్రింగు చెవులుంటాయి. పలకను రెండు చేతులతో సమంగా కిందికి లాగాలి. చెవులు బయటికి రాగానే ఎలకబోను తలుపులా టప్పున కొట్టుకుంటాయి, వేళ్ళు జాగ్రత్త. పలక వైరుకు వేలాడకుండా పట్టుకుని, లోపల ఉన్న చిన్న డబ్బా దగ్గర కనెక్టర్ ఊడదీయాలి. ఆ డబ్బాను డ్రైవర్ అంటారు. చాలాసార్లు పాడయ్యేది ఆ డబ్బాయే, లైటు బాగానే ఉంటుంది. డబ్బా నుంచి లైటుకు పోయే వైరులో కూడా కరెంటు ఉన్నప్పుడు షాకు కొట్టవచ్చు, కాబట్టి "అది చిన్న కరెంటేలే" అనుకోకండి. రెండో రకంలో రింగు లోపల మామూలు బల్బు గాని, రెండు పిన్నుల బల్బు గాని ఉంటుంది. దాన్ని కొంచెం తిప్పి తీయాలి.

పాతదాన్ని చేత్తో పట్టుకుని కొట్టుకు పొండి. గుమ్మిడిపూండి అయినా, సూళ్ళూరుపేట అయినా, కొట్టువాడికి వస్తువు చూపిస్తే సరైనది ఇస్తాడు. కన్నం కొలత, వాట్లు, డబ్బా మీద రాసిన మిల్లీ ఆంపియర్లు, ఈ మూడూ కలవాలి. ఐఎస్ఐ గుర్తో, బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరో ఉందో లేదో చూడండి. ఒకే రకం రెండు ఎక్కువ కొని దాచుకోండి. రెండేళ్ళ తర్వాత ఆ కొలత దొరక్క కన్నం పెద్దది చేయించుకునే బాధ తప్పుతుంది.

ఎప్పుడు ఆగిపోవాలో కూడా తెలియాలి. పలక తీసి చూస్తే వైరు నల్లబడి ఉన్నా, రాగి కనపడుతున్నా, ఎలక కొరికినట్టున్నా, ఉత్త టేపు చుట్టిన అతుకు కనపడినా, దిగిపోండి. బల్బు మన పని, వైరు వైర్‌మ్యాన్ పని. ప్రళయకావేరి మీది ఉప్పుగాలికి మన ఊళ్ళో ఇనుము ఎలా తుప్పు పడుతుందో తెలిసిందే, హోల్డర్లు కూడా అంతే. ఐప్పసి, కార్తీక వానల్లో డాబా కారి లైటు కన్నంలోంచి నీళ్ళు కారుతుంటే ఆ లైటును ముట్టుకోనే వద్దు. స్విచ్ కూడా వద్దు. పొడి చేత్తో, చెప్పులు వేసుకుని, మెయినూ ఇన్వర్టరూ ఆపి మనిషిని పిలవండి. అయితే ఆ మెయిన్ బోర్డే తడిసి ఉన్నా, దాని ముందు నేల మీద నీళ్ళు నిలిచి ఉన్నా దాని దగ్గరికి కూడా పోకుండా ఈబీకి ఫోను చెయ్యండి.

ఎవరికైనా షాకు కొడుతుంటే వాళ్ళను పట్టుకుని లాగకండి. ముందు మెయినూ ఇన్వర్టరూ. అది వీలుకాకపోతే పొడి కర్రతో విడదీయండి. తర్వాత 108.

ఇక్కడ ఒక మాట కటువుగా అంటాను, ఏమీ అనుకోకండి. ఈ ఫాల్స్ సీలింగ్ మోజు మనకు ఎంతవరకు అవసరం? మన పాత ఇళ్ళల్లో బల్బు గోడ మీద ఉండేది, స్టూలు ఎక్కితే అందేది. ఇప్పుడు ఒక హాలుకు పన్నెండు లైట్లు పైకప్పులో దించి, పండక్కి, పెళ్ళిచూపులకు అన్నీ వేసి, మిగతా రోజులు రెండు వేసుకుని కూర్చుంటున్నాం. అవి పోయినప్పుడు మార్చేవాడు ఎవరని ఇల్లు కట్టేటప్పుడు అడగం. కొత్తగా కట్టుకునేవాళ్ళకు నా సలహా ఇదీ. హాల్లో మీ ఇష్టం. వంటింట్లో, బాత్రూములో, మెట్ల దగ్గర మాత్రం గోడ మీద అందే ఎత్తులో ఒక లైటు పెట్టించండి. ముసలితనంలో కావలసింది అదే.

"ఇంత భయపెడితే ప్రతి బల్బుకూ ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, వాడు చిన్న పనికి రాడు, వస్తే కనీసం ఇంత అంటాడు" అంటారు కొందరు. నిజమే, ఆ కష్టం నాకూ తెలుసు. అందుకే ప్రతి ఇంటినీ విడిగా వదిలేయకుండా సంఘం ఈ పనిలోకి దిగాలంటున్నాను. రాబోయే సమావేశానికి నేను మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి, సంఘం డబ్బుతో ఒక మంచి ఫైబర్ నిచ్చెన కొని సంఘం గదిలో ఉంచాలి. ఎవరు తీసుకుపోయినా పుస్తకంలో రాసి, తెచ్చి పెట్టినప్పుడు మళ్ళీ సంతకం చెయ్యాలి. ఆ పుస్తకం నేను చూసుకుంటాను, ఆ అలవాటు నాకు పోలేదు.

రెండు, లైసెన్సు ఉన్న ఒక వైర్‌మ్యాన్‌తో మాట్లాడుకుని, నెలకొక ఆదివారం మన సభ్యుల ఇళ్ళకు, ముందుగా ముసలివాళ్ళు ఒంటరిగా ఉండే ఇళ్ళకు, పంపాలి. ఆర్‌సీసీబీ ఉందా, పనిచేస్తుందా, స్విచ్‌లు ఫేజు మీద ఉన్నాయా, ఈ మూడే చూడాలి. కూలి సంఘం సగం, ఇంటివాళ్ళు సగం. ఉగాదికి మనం సీరియల్ లైట్లకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించుకుంటే సరిపోతుంది.

మూడు, ప్రతి ఇంటి బోర్డు మీద ఏ స్విచ్ దేనిదో చీటీలు అంటించాలి. మన పిల్లలు పది, పన్నెండు తరగతులవాళ్ళు సెలవుల్లో చెయ్యగలిగిన పని ఇది. ఆడపిల్లలకు కూడా నేర్పండి. అత్తగారింట్లో చీకట్లో ఎవరో వచ్చేదాకా కూర్చోకుండా ఉంటారు.

"సంఘం ఉన్నది భాష కోసం, పండగల కోసం, ఇది మన పనా" అని అడిగేవాళ్ళు ఉంటారు. మన స్తంభాల మీద తమిళంలో 'అబాయం' అని ఉంటుంది, తడ దాటితే తెలుగులో 'అపాయం' అని ఉంటుంది. అక్షరాలు వేరైనా మాట ఒకటే, అది చెప్పేదీ ఒకటే. భాష నేర్పే సంఘం ఈ ఒక్క మాటను కూడా నేర్పవచ్చు. పండగకు వచ్చే మనిషి ముందు బతికి, నడవగలిగి ఉండాలి కదా.

సమావేశం లోపల ప్రతి సభ్యుడూ చెయ్యగలిగిన పని ఒకటుంది. దానికి నిచ్చెన అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. రేపు పగలు కంప్యూటరు, టీవీ ముందుగా ఆపుకుని, ఇంట్లో లైట్లన్నీ వేసి, మెయిన్ ఒక్కటి ఆపండి. ఏ లైట్లు ఇంకా వెలుగుతున్నాయో చూసి కాగితం మీద రాసి బోర్డు లోపలి వైపు అంటించండి. అవి మీ ఇన్వర్టర్ లైట్లు, మెయిన్ మాట వినని లైట్లు. మీ ఇంట్లో అలాంటివి ఎన్ని ఉన్నాయో కింద రాయండి. నా ప్రతిపాదనలు వద్దనేవాళ్ళు కూడా కారణంతో రాయండి, సమావేశంలో మాట్లాడుకుందాం.